లైటు ఆఖర్న కొనండి

జిమ్‌లో చేరాలనుకున్నవాడు ముందు బూట్లు కొంటాడు. నవల రాయాలనుకున్నవాడు ల్యాప్‌టాప్ కొంటాడు. ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టాలనుకున్నవాడు నీలం వెలుగు చిమ్మే ఎల్‌ఈడీ లైటు కొంటాడు. ముగ్గురిదీ ఒకటే తొందర. పని ఇంకా మొదలు కాలేదు, కానీ చేసేసినట్టు కనబడాలి.

బూట్లు మూలన పడితే నష్టం బూట్ల వరకే. ఉప్పునీటి తొట్టిలో మాత్రం ప్రాణం ఉంటుంది. మీ తొందరకి మూల్యం చెల్లించేది మీరు కాదు, చేప. సహనం, ముందుచూపు, క్రమశిక్షణ అని పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా తలకెక్కని మాటల్ని 190 లీటర్ల ఉప్పునీళ్లు ఆర్నెల్లలో నేర్పిస్తాయి. అందుకే వ్యక్తిత్వ వికాసం మీద రాయమంటే రీఫ్ అక్వేరియం, అంటే పగడపు దిబ్బల తొట్టి మీద రాస్తున్నాను.

సికింద్రాబాద్‌లో కూర్చుని సముద్రాన్ని పెంచడమేమిటని నవ్వేవాళ్లుంటారు. వాళ్ల నవ్వులో కొంత న్యాయం ఉంది. మనం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన, దక్కన్ రాతిగుట్టల మీద ఉన్నాం. దగ్గర్లో బీచ్ అంటే బాపట్ల సూర్యలంక. అదీ 300 కిలోమీటర్ల పైమాటే. ఉప్పు, చల్లదనం, మలినం లేని నీళ్లు, అలల కదలిక, ఇవన్నీ యంత్రాలతో తెచ్చుకోవాల్సిందే. కాబట్టి ఏ యంత్రం ముందు, ఏది వెనక అన్నదే అసలు విషయం.

కొనబోయే ప్రతి వస్తువునూ ఒక్క ప్రశ్న అడగండి: ఇది రాత్రి రెండు గంటలకి ఆగిపోతే తెల్లారేసరికి ఏమవుతుంది? "ఏమీ కాదు" అని జవాబు వస్తే అది ఆఖర్న కొనాల్సింది. "అంతా పోతుంది" అని వస్తే ముందు కొనాల్సింది అదే. లైటు రాత్రి రెండింటికి ఎలాగూ ఆరిపోయే ఉంటుంది.

చట్టం ముందు, పగడం తర్వాత

లైటు ఆఖర్న ఎందుకో తెలియాలంటే చట్టం దగ్గర మొదలుపెట్టాలి. విదేశీ వీడియోల్లో పగడపు కొమ్మని చిన్న కటింగ్ మిషన్‌తో ముక్కలు కోసి, సిమెంటు బిళ్లకి అంటించి, పక్కింటాయనకి అమ్మేస్తుంటారు. చూసి ముచ్చటపడి మన దగ్గరా అలాగే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 2001 జులైలో కేంద్ర ప్రభుత్వం దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ, నల్ల పగడాలనీ, ఆర్గన్ పైప్ పగడాలనీ, ఫైర్ కోరల్‌నీ, సీ ఫ్యాన్లనీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. సముద్రపు గుర్రాలు కూడా అందులోకే వెళ్లాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటి షెడ్యూలు ప్రాణి జోలికి పోతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ 25 వేల జరిమానా. సముద్రం నుంచి ఏరుకొచ్చి "లైవ్ రాక్" పేరుతో అమ్మే రాయి చాలావరకు పగడాల అస్థిపంజరమే. బతికి ఉన్నా, చచ్చి ఎండినా చట్టానికి తేడా లేదు. విదేశాల్లో పెంచిన పగడమని చెప్తే దిగుమతి అనుమతులు అడగండి. ఇలాంటి దిగుమతి జీవాల్ని ఇంట్లో ఉంచుకుంటే కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాల్సి ఉంటుంది కూడా. కాగితం చూపించలేని షాపులో పగడం పక్కన నిలబడి సెల్ఫీ కూడా దిగొద్దు.

నిరుత్సాహపడకండి, దీనివల్ల మీకు మేలే జరిగింది. మొదటి ఏడాది పగడం లేదు కాబట్టి పగడానికి కావలసిన ఖరీదైన వెలుగూ అక్కర్లేదు. పగడం ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండలో ఆ నాచు వండిన తిండిలో పెద్ద వాటా పగడానిదే. అంత వెలుగు అవసరమయ్యేది ఆ నాచుకి. చేపకి అక్కర్లేదు, చేప మనకి కనబడితే చాలు. కృత్రిమంగా తయారుచేసిన సిరామిక్ రాళ్లు, హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట, మామూలు లైటు. మొదటి ఏడాదికి ఇదే మీ రీఫ్. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతుల్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే రూపొందించింది. తమిళనాడు మండపంలోని ఆ సంస్థ కేంద్రంలో ఆ పని చాలాకాలంగా జరుగుతోంది. అంటే సముద్రం నుంచి దోచుకోకుండానే ఈ సరదా తీర్చుకోవచ్చు. ఒక చిన్న ముచ్చట. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటుంది. మంచి తిండి, మంచి నీళ్లు ఉంటే పదిహేనేళ్లు దాటి బతుకుతుంది. మీరు కొంటున్నది బొమ్మ కాదు.

షాపులో మాత్రం సంభాషణ ఇలా నడుస్తుంది.

"అన్నా, ఈ లైటు తీస్కో. ఫోన్‌ల యాప్ తోటి కలర్ మార్చుకోవచ్చు, మస్తుంటది."

"చిల్లర్ ఉందా భయ్యా?"

"చిల్లర్ ఎందుకన్నా ఇప్పుడే? చిన్న ఫ్యాన్ పెట్టుకో, సరిపోతది."

అతను మోసగాడు కాదు. లైటు షాపులో మెరుస్తుంది. నీళ్లని చల్లబరిచే చిల్లర్ బల్ల కింద కూర్చుని గుర్రుమంటుంది. ఏది అమ్ముడుపోతుందో అతనికి తెలుసు. మీకేం కావాలో తెలియాల్సింది మీకు.

వంటింటి ఆర్‌ఓ పనికిరాదు

మొదటి ఖర్చు నీటి మీద పెట్టండి. ఇక్కడే చాలామంది వంటింటి వైపు చూస్తారు. "ఆర్‌ఓ ఉందిగా ఇంట్లో!" ఉంది. కానీ ఆ యంత్రం మన నాలుక కోసం తయారైంది. నీళ్లు మరీ చప్పగా ఉండకూడదని శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీటినో, ఖనిజాలనో తిరిగి కలిపే ఏర్పాటు అందులో ఉంటుంది. దాన్నే టీడీఎస్ కంట్రోలర్ అంటారు. ఈమధ్య ఆరోగ్యం పేరుతో రాగి కార్ట్రిడ్జ్ ఉన్నవి కూడా జోరుగా అమ్ముతున్నారు. రాగి చెంబులో నీళ్లు తాగడం మనకు పరిపాటే, కానీ రొయ్యకీ, నత్తకీ, పగడానికీ రాగి విషం. చేపల జబ్బులకి రాగి మందు వాడతారు కూడా. అదే మందు తొట్టిలో ఉన్న వెన్నెముక లేని జీవాలన్నిటినీ చంపేస్తుంది. సెకండ్ హ్యాండ్ తొట్టి కొనేటప్పుడు ఇందులో ఎప్పుడైనా రాగి మందు వేశారా అని అడగడం మర్చిపోకండి.

మీకు కావలసింది విడి ఆర్‌ఓ యూనిట్, దాని చివర మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ గొట్టం. పక్కన, నీటిలో కరిగిన పదార్థాల్ని కొలిచే టీడీఎస్ మీటరు. మన బోరు నీళ్లలో మీటరు పెడితే అంకె వందల్లో ఉంటుంది. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు నల్లాలో వచ్చినా క్లోరిన్ తప్పదు. ట్యాంకరు నీళ్లయితే ఏ రోజు ఏం వస్తుందో దేవుడికే తెలియాలి. డీఐ దాటి బయటికొచ్చాక మీటరు సున్నా చూపించాలి. ఐదో పదో చూపించినా రెసిన్ మార్చే రోజు వచ్చిందని అర్థం. ఒక లీటరు మంచి నీటికి దాదాపు మూడు లీటర్లు పక్కకి పోతాయి. వాటిని బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి, బాల్కనీ కడగడానికి వాడండి. ఎండాకాలంలో నీళ్ల కరువు చూసే కాలనీలో మూడు వంతుల నీళ్లు మోరీలోకి వదిలితే, ఎంత అందమైన తొట్టి పెట్టినా మీ మీద గౌరవం మిగలదు.

ఇక ఉప్పు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 190 లీటర్లు పడతాయి. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు. అంటే మొదటిసారి ఆరున్నర కిలోల పైచిలుకు. తర్వాత పది శాతం నీళ్లు మార్చిన ప్రతిసారీ 665 గ్రాములు. ఇది వంటింటి ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం అన్నీ లెక్క ప్రకారం కలిసిన మెరైన్ సాల్ట్. ముందురోజే బకెట్‌లో చిన్న మోటారు వేసి కలిపి ఉంచుకోవాలి. చేపలున్న తొట్టిలో ఉప్పు నేరుగా గుమ్మరించడమంటే వాటి కళ్లలో కారం కొట్టడమే.

ఉప్పదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనండి. ముల్లు తేలే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవకే, కానీ ముల్లుకి రెండు గాలి బుడగలు అంటుకుంటే అది పైకి లేచి అబద్ధం చెబుతుంది. రిఫ్రాక్టోమీటర్ గాజుపలక మీద రెండు చుక్కల నీళ్లు వేసి, బుడగ లేకుండా మూత దించి, కిటికీ వైపు తిప్పి కన్ను పెట్టండి. పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ కలిసే గీత 35 దగ్గర నిలబడాలి. మధ్యమధ్యలో 35 అని రాసి అమ్మే ప్రామాణిక ద్రావణం చుక్క వేసి పరికరమే సరిగా ఉందో లేదో చూసుకోవాలి. కొలత పరికరాన్ని కూడా కొలిచేవాడే ఈ పనిలో నిలబడతాడు.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి బేగంపేట పెద్దమనిషిని తలచుకోకుండా ఉండలేం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఇక్కడే దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమలతో కుట్టించుకున్నందుకు దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, దానికి మిగిలిన ఒక్క కంటి అద్దమూ బీటవారింది. ఈ కథ చెప్పి "చూశారా, గొప్పవాళ్లకి పరికరాలతో పనిలేదు" అనే ఉపన్యాసకుల్ని చాలామందిని విన్నాను. తప్పు. రాస్ దగ్గర ఉన్నది తనే రూపొందించుకున్న మైక్రోస్కోపు. కోసిన దోమలు ఎగిరిపోతాయని అంత ఉక్కలోనూ ఆయన వద్దనుకున్నది పంకా. చూపుకి కావలసినదాన్ని పట్టుకున్నాడు, ఒంటికి సుఖమిచ్చేదాన్ని వదిలేశాడు. మనం దీన్ని తిరగేసి చేస్తాం. యాప్‌తో రంగులు మారే లైటు ఉంటుంది, రిఫ్రాక్టోమీటర్ ఉండదు.

రోహిణి కార్తె పరీక్ష

అదే బేగంపేట వాతావరణ కేంద్రం రికార్డు చూడండి. 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు. 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. ఒకే ఊరు. తొట్టికి మాత్రం ఏడాది పొడవునా 25, 26 డిగ్రీలు కావాలి. 28 దాకా ఓర్చుకుంటాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే కష్టం. నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకి దాని అవసరం పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మోటార్ల వేడి కూడా తోడైన గాజుపెట్టె ఏపాటిది?

విదేశీ పుస్తకాలన్నీ హీటర్‌తో మొదలవుతాయి, వాళ్లకి చలి కాబట్టి. మన ఊళ్లో మొదటి పేరు చిల్లర్. అయితే షాపతను చెప్పిన ఫ్యాన్ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. నీటి మీదికి గాలి కొడితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. మన ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో ఇది విశాఖ, చెన్నైల కన్నా బాగా పనిచేస్తుంది. కానీ గదిలో 36 ఉన్నప్పుడు రెండు మూడు డిగ్రీలు తగ్గి ఏం లాభం? వానాకాలపు తేమలో ఆ తగ్గుదలా ఉండదు. రోజంతా ఏసీ నడిచే గది ఉంటే చిల్లర్ వాయిదా వేయొచ్చు. లేకపోతే చిల్లర్‌కి డబ్బు కూడేదాకా తొట్టినే వాయిదా వేయండి. "ముందు తొట్టి పెట్టేద్దాం, ఎండాకాలం వచ్చాక చూద్దాం" అనే మనిషి ఇంటి లోనుకీ, ఆఫీసు పనికీ, పిల్లల ఫీజుకీ కూడా అదే మాట అంటాడు.

చిల్లర్‌ని స్టాండు లోపల పెట్టి తలుపు మూసేయొద్దు. అది తొట్టిలోంచి తీసిన వేడిని బయటికి కక్కాలి. గాలి ఆడకపోతే తన వేడిలో తనే ఉడికి ఆగిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రులకి ఒక చిన్న హీటరు కావాలి. అది చవకే. కానీ ఆగాల్సినప్పుడు ఆగని హీటర్ తొట్టిని చారు కాచినట్టు కాచేస్తుంది. అందుకే హీటర్‌నీ చిల్లర్‌నీ రెండిటినీ ఒక టెంపరేచర్ కంట్రోలర్‌కి తగిలించండి.

కరెంటుతో సరసం వద్దు

ఉప్పునీళ్లకి విద్యుత్తు బాగా పారే గుణం ఉంది. మీరు చెయ్యి పెట్టే నీళ్లలో నాలుగు మోటార్లు ఉంటాయి. ఆ సాకెట్‌కి కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి, ఎర్తింగ్ నిజంగా పనిచేస్తూ ఉండాలి. పాత మారేడ్‌పల్లి ఇళ్లలో, చాలా పాత అపార్టుమెంట్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్త్ తీగ ఉండదు. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి ఒక వంపు జారి మళ్లీ పైకి వెళ్లాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. అయినా పది తొట్లు చూస్తే ఆరేడింటికి ఈ వంపు కనబడదు.

కరెంటు పోతే? నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ప్రాణవాయువు పడిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌దో కాదో చూసుకోండి. స్క్వేర్ వేవ్ మీద మోటార్లు గుర్రుమని వేడెక్కుతాయి. ఇన్వర్టర్ మీద కనీసం అలలు పుట్టించే చిన్న మోటారు ఒక్కటైనా నడవాలి. అదీ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు. దాని ధర ఒక బిర్యానీ కన్నా పెద్దగా ఎక్కువుండదు.

బిల్లు సంగతీ ముందే తేల్చుకోండి. మోటార్లు, మలినం తీసే స్కిమ్మర్ కలిపి 50 వాట్లు రాత్రింబవళ్లు తిరిగితే రోజుకి 1.2 యూనిట్లు. లైటు అర యూనిట్ లోపే. ఎండాకాలంలో చిల్లర్ మరో రెండు యూనిట్లు. అప్పుడు నెలకి 100 యూనిట్ల చుట్టూ తిరుగుతుంది. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఉండి సున్నా బిల్లు తీసుకుంటున్న ఇల్లయితే ఈ వంద ఆ గీత దాటించేయొచ్చు. ఇంట్లో వాళ్లకి తెలియకుండా దాటించకండి.

"సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు?"

ఈ ప్రశ్న సాధారణంగా భార్య అడుగుతుంది. "ఏమండీ, సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్తే దీన్నెవరు చూస్తారు?" భర్త విసుక్కుంటాడు. నిజానికి ఆ ఇంట్లో రీఫ్ గురించి సరిగ్గా ఆలోచించిన మొదటి మనిషి ఆవిడే. సంక్రాంతికి సికింద్రాబాద్ స్టేషన్ కిక్కిరిసి, ఊరు సగం ఖాళీ అయ్యే ఆ నాలుగు రోజులు, తాళం వేసిన ఇంట్లో మీ తొట్టి తనంతట తను బతకాలి. పరికరాల జాబితా ఆ నాలుగు రోజుల్ని దృష్టిలో పెట్టుకుని రాయండి.

తొట్టి నీళ్లు రోజూ రెండు నుంచి నాలుగు లీటర్లు ఆవిరవుతాయి. పోయేది నీరే, ఉప్పు పోదు. తగ్గిన మేరకి మంచినీళ్లు పోయకపోతే ఉప్పదనం పెరుగుతూ పోతుంది. ఈ పని చేసే పరికరాన్ని ఆటో టాప్ ఆఫ్ అంటారు. నీటి మట్టం తగ్గగానే పక్క డబ్బాలోంచి చిన్న మోటారు నీళ్లు తోడుతుంది. ఆ డబ్బాలో నాలుగు రోజులకి సరిపడేదాని కన్నా ఎక్కువ ఉంచొద్దు. సెన్సర్ చెడిపోయినా నష్టం అంతటితో ఆగుతుంది. తెలివితేటలు ప్రదర్శించి దాన్ని నేరుగా మిద్దె మీది ట్యాంకు పైపుకి కలిపారో, పండగ నుంచి తిరిగొచ్చేసరికి కింది ఫ్లోర్ వాళ్లు మీ గుమ్మంలో ఉంటారు.

తిండికి కంగారు పడొద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద క్లౌన్ చేప నాలుగు రోజులు తినకపోయినా ఏమీ కాదు. పక్కింటి పిన్నిగారికి తాళం ఇచ్చే పక్షంలో డబ్బా ఇవ్వకండి, రోజుకొకటి చొప్పున పొట్లాలు కట్టి ఇవ్వండి. ప్రేమతో డబ్బా సగం గుమ్మరిస్తే ఆ తిండి కుళ్లి అమ్మోనియా అవుతుంది.

చేపలు రాకముందే ఇంకొక పరీక్ష. తొట్టి, దాని కింద నీళ్లు దిగే చిన్న తొట్టి (సంప్), వాటిని పైకి తోడే రిటర్న్ మోటారు అన్నీ నడుస్తుండగా మెయిన్ స్విచ్ కట్టేయండి. కట్టేసి నేల మీద కూర్చుని సంప్ వైపు చూడండి. పై పైపుల్లోని నీళ్లు కిందికి దిగుతాయి, సంప్‌లో మట్టం లేస్తుంది. రిటర్న్ పైపు మూతి నీళ్లలో లోతుగా మునిగి ఉంటే అది సైఫన్‌లా పట్టుకుని లాగుతూనే ఉంటుంది. అంచుకి రెండు వేళ్ల దూరంలో ఆగితే సరే. ఆగకపోతే పైపు మూతిని పైకి జరపండి, నీటి మట్టానికి కాస్త కింద సన్నటి రంధ్రం వేయండి. మట్టం ఆ రంధ్రం దాకా దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. దీనికి కావలసిన వాల్వులు, యూనియన్లు, పైపులు రాణీగంజ్‌లో సాయంత్రంలోపు దొరుకుతాయి. అక్వేరియం షాపులోనే అన్నీ కొనాలని ఎవరూ చెప్పలేదు.

తొట్టి బరువూ చూసుకోండి. నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు కలిపి 300 కిలోలు దాటుతుంది. హాలు మధ్యలో పెట్టాలని సరదా ఉంటుంది గానీ గోడ పక్కన, దూలం ఉన్న చోటే పెట్టండి. నాలుగడుగులు దాటితే ఒక సివిల్ ఇంజనీర్‌ని అడిగి పెట్టండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ప్రోటీన్ స్కిమ్మర్ ఉప్పునీటికి పెద్ద దిక్కు. కందిపప్పు ఉడుకుతుంటే పైకి తేలే నురగని గరిటెతో తీసేస్తాం చూడండి, సన్నటి గాలి బుడగలతో మలినాన్ని నురగ కట్టించి ఇదీ అదే పని చేస్తుంది. మీ తొట్టికి ఒక సైజు పెద్దదే తీసుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా ఫరవాలేదు. అలల మోటార్లు ఒకటి పెద్దది కన్నా రెండు చిన్నవి మేలు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. హీటర్ మాత్రం పాతది వద్దు.

ఖాళీ తొట్టి ముందు ఆరు వారాలు

అన్నీ బిగించారు. నీళ్లు తళతళలాడుతున్నాయి. రాళ్లు పేర్చారు. ఇప్పుడు నాలుగు నుంచి ఆరు వారాలు ఏ చేపా వేయకూడదు. రాళ్ల మీద బ్యాక్టీరియా స్థిరపడాలి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి అక్కడే నిలబడేదాకా ఆగాలి. బ్యాక్టీరియా సీసాలు కొంత సాయం చేస్తాయి, పరీక్ష మానేయడానికి మాత్రం అవి సాకు కావు.

పరికరాలన్నిటి కన్నా కష్టమైనది ఇదే. బావగారు వస్తారు. "ఇంత ఖర్చు పెట్టి నీళ్లు చూసుకుంటున్నావా?" అంటారు. పిల్లలు క్లౌన్ చేపకి అప్పుడే నీమో అని పేరు పెట్టేసి రోజూ "నాన్నా, నీమో ఎప్పుడు?" అని అడుగుతారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "చేపలు లేని అక్వేరియం" అని నవ్వు బొమ్మ పెడతారు. సగం తొట్లు ఓడిపోయేది ఈ చోటే. పక్కవాడి నోరు మూయించడానికి చేప కొని తెస్తారు. ఆ చేప వారంలో పోతుంది, నోరు మాత్రం మూతపడదు. బావగారికి టెస్ట్ కిట్ చేతికిచ్చి, చుక్కలు వేయించి, రంగు మారడం చూపించండి. నవ్వడానికి వచ్చినాయన మరుసటి ఆదివారం "నైట్రైట్ ఎంతకొచ్చింది?" అని ఫోన్ చేయకపోతే అడగండి. పిల్లలకి ఒక నోటుపుస్తకం ఇచ్చి తేదీ, ఉష్ణోగ్రత, ఉప్పదనం, అమ్మోనియా రోజూ రాయమనండి. చేప రాకముందే వాళ్లు దాని సంరక్షకులవుతారు.

ముహూర్తం అడిగితే నా ఓటు వానాకాలానికి. మృగశిర కార్తె దాటి, ఎండ తగ్గాక జులైలో మొదలుపెడితే మొదటి ఎండాకాలం రావడానికి ఎనిమిది నెలల వ్యవధి దొరుకుతుంది. చిల్లర్ డబ్బు విడిగా పక్కన పెట్టి ఉంచండి. మార్చి రాకముందే బిగించేయండి, మే నెలలో అందరూ దాని కోసమే పరిగెత్తుతారు. ఈ వారం మాత్రం చేపల షాపు వైపు వెళ్లకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి తొట్టి పెట్టబోయే గోడ సాకెట్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి, ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. అలాగే ఒక టీడీఎస్ మీటరు తెచ్చుకుని మీ నల్లా నీళ్లలో ముంచి, ఆ అంకెని నోటుపుస్తకం మొదటి పేజీలో రాయండి.